పంచాంగంలో ఋతువు, ఒంట్లో ఋతువు: సరిహద్దు జిల్లాల్లో దినచర్య, ఋతుచర్య

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు వెంట, బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగిళ్లలో ఇప్పుడు దినచర్య అంటే ఫోన్లలో తిరిగే ఒక పట్టిక. నాలుగింటికి లేవాలి, లేవగానే లీటరు నీళ్లు తాగాలి, వేడినీళ్లలో తేనె కలుపుకోవాలి, పొద్దున ఆరు నుంచి పది దాకా కఫం, పది నుంచి రెండు దాకా పిత్తం. దాన్ని పట్టుకుని జనవరిలో కోరాపుట్ కొండ మీదా, మే నెలలో గోపాల్‌పూర్ ఒడ్డునా ఒకే పని చేస్తారు. నెల తిరక్కుండా ఒకరికి కడుపుబ్బరం, ఇంకొకరికి పడిశం, మరొకరికి గుండెల్లో మంట. ఆయుర్వేదం మన ఒంటికి పడదని తేల్చేస్తారు. పడనిది ఆ పట్టిక. అందులో కొన్ని మాటలు పాత గ్రంథాల్లో లేనే లేవు, ఉన్న మాటలకు షరతులు ఎగిరిపోయాయి.

ఆ షరతులు ఎక్కడున్నాయో ముందు చెప్పుకుందాం. చరక సంహిత సూత్రస్థానంలో 5వ అధ్యాయం రోజువారీ నడవడిది, 6వది ఋతువులది, 7వది మలమూత్రాలు, ఆకలి, నిద్ర లాంటి 13 వేగాలను ఆపుకోకూడదని చెప్పేది. వాగ్భటుడి అష్టాంగహృదయంలో సూత్రస్థానం 2వ అధ్యాయం దినచర్య, 3వది ఋతుచర్య. సుశ్రుతుడు ఋతువులను సూత్రస్థానం 6లో, దినచర్యను చికిత్సాస్థానం 24లో పెట్టాడు. ముగ్గురూ ఏ నియమం చెప్పినా దాని వెనక మూడు ప్రశ్నలుంటాయి. తిన్నది అరిగించే జఠరాగ్ని ఇవాళ ఏపాటిది? ఒంట్లో బలం ఎంత? వాతం, పిత్తం, కఫం అనే దోషాల్లో ఏది పోగవుతోంది, ఏది పొంగుతోంది?

దోషాల లెక్క సూటిగానే ఉంటుంది. వాతం గ్రీష్మంలో పోగై, వర్షఋతువులో పొంగి, శరత్తులో అణుగుతుంది. పిత్తం వర్షంలో పోగై, శరత్తులో పొంగి, హేమంతంలో అణుగుతుంది. కఫం శిశిరంలో పోగై, వసంతంలో పొంగి, గ్రీష్మంలో అణుగుతుంది. ఒక ఋతువులో చేసిన తప్పు ఆ ఋతువులో కనపడదన్నమాట. మే నెలలో ఎండలో తిరిగి, ఎండు తిండి తిని, నిద్ర చెడగొట్టుకున్నవాడికి జూలైలో కీళ్లు పట్టేస్తాయి. వానల్లో పులుపూ కారమూ దంచినవాడికి దసరా నాటికి ఒళ్లంతా మంట. నొప్పి వచ్చిన నెలలో కారణం వెతికితే దొరకదు, రెండు నెలలు వెనక్కి వెళ్లాలి.

నెలల పేర్లతో వచ్చే చిక్కు

వాగ్భటుడి లెక్కలో మాఘ ఫాల్గుణాలు శిశిరం, చైత్ర వైశాఖాలు వసంతం, జ్యేష్ఠ ఆషాఢాలు గ్రీష్మం, శ్రావణ భాద్రపదాలు వర్షం, ఆశ్వయుజ కార్తీకాలు శరత్తు, మార్గశిర పుష్యాలు హేమంతం. మన పంచాంగం కూడా ఇదే చెబుతుంది. కానీ ఈ జిల్లాల్లో ఇంట్లో తెలుగు పంచాంగం, పక్కింట్లో ఒడియా పాంజి. మనది అమావాస్యతో ముగిసే నెల. వాళ్ల వ్రతాల నెల పున్నమితో ముగుస్తుంది. అందుకే ఒడియావాళ్ల కార్తీక వ్రతం ఆశ్వయుజ పున్నమి దాటగానే మొదలవుతుంది, మన కార్తీకం దీపావళి అమావాస్య దాటితే గానీ రాదు. "కార్తీకంలో పెరుగు మానాలి" అన్న ఒకే మాటను రెండిళ్లవాళ్లు పదిహేను రోజుల తేడాతో మొదలుపెడతారు.

దీనికి తోడు సుశ్రుతుడు ఇంకో జాబితా కూడా ఇచ్చాడు. అందులో శిశిరం లేదు. దాని బదులు వానలకు ముందు ప్రావృట్ అనే ఋతువు ఉంది. ఆషాఢ శ్రావణాలు ప్రావృట్, భాద్రపద ఆశ్వయుజాలు వర్షం, కార్తీక మార్గశిరాలు శరత్తు, పుష్య మాఘాలు హేమంతం, ఫాల్గుణ చైత్రాలు వసంతం, వైశాఖ జ్యేష్ఠాలు గ్రీష్మం. గంగకు దక్షిణాన వాన ఎక్కువ కాబట్టి ఈ లెక్క, ఉత్తరాన చలి ఎక్కువ కాబట్టి మొదటి లెక్క అని వ్యాఖ్యాతలు సర్దిచెప్పారు. తీరం వైపు ఛత్రపురం నుంచి పర్లాకిమిడి దాకా నైరుతి వాన జూన్‌లో దిగి, సెప్టెంబరంతా ఉండి, అక్టోబరులో తుఫానుతో మళ్లీ వస్తుంది. ఇక్కడికి రెండో జాబితానే దగ్గర. సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున్న కోరాపుట్‌లో మాత్రం సంక్రాంతి దాటాక కూడా చలి వదలదు కాబట్టి అక్కడ శిశిరాన్ని కొట్టెయ్యలేం. ఒకే రాష్ట్రం, ఒకే వారం, రెండు ఋతువులు.

అందుకే నెల పేరును ఆనవాలుగా మాత్రమే తీసుకోవాలి. గ్రంథాలు ప్రతి ఋతువుకూ గాలి, ఆకాశం, నేల, చెట్లు, నీళ్ల గుర్తులు విడివిడిగా ఎందుకు చెప్పాయంటే వాటిని చూసి నడవమనే. ఋతువు తన వేళకు రాకపోవచ్చని, తక్కువగా రావచ్చని, మితిమీరి రావచ్చని కూడా చెప్పాయి. అక్టోబరు 12, 2013న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటి గజపతి జిల్లాను ముంచింది. పంచాంగం ప్రకారం రెండూ శరత్తే. ఆ వారంలో మాత్రం ఆకాశం శ్రావణానిది, తినాల్సింది కూడా వర్షఋతువు తిండే. వాన వెలిసి ఎండ కాసిన రెండో రోజుకు మళ్లీ శరత్తు నియమాలు.

ఎండాకాలం: పఖాళ, సత్తుపిండి, మారేడు

గ్రీష్మానికి గ్రంథం చెప్పేది తీపి, చలవ, తేలిక, ద్రవం. మానమనేది ఉప్పు, కారం, పులుపు, ఎండ, కసరత్తు. పగటినిద్ర ఒప్పుకునేది ఈ ఒక్క ఋతువులోనే, రాత్రి కురచ కాబట్టి. ఇక్కడే పఖాళ గురించి, అంటే ఒడియావాళ్లు నీళ్లు పోసి నానబెట్టుకునే అన్నం గురించి, గట్టిగా మాట్లాడుకోవాలి. పఖాళ గానీ, మన చద్దన్నం, తరవాణి గానీ ఎండకు మంచివన్నది నిజమే, కానీ అన్ని పఖాళలూ ఒకటి కావు. అప్పుడే వండి చల్లార్చి నీళ్లు పోసిన సజ పఖాళ గ్రీష్మ నియమానికి అచ్చంగా సరిపోతుంది. రాత్రంతా పులిసిన బాసి పఖాళలో పులుపు ఉంది. గ్రీష్మంలో పులుపు మానమన్న మాట దానికీ వర్తిస్తుంది. పైగా ఆవపొడి, ఎండుమిరప, ఉప్పుచేప నంచుకుంటే మానమన్న మూడు రుచులూ ఒకే కంచంలోకి వస్తాయి. పొలం పనివాడికి చెమటతో పోయిన ఉప్పు కావాలి కాబట్టి అతనికి ఇది చెల్లుతుంది. ఫ్యాను కింద కూర్చునేవాడికి సాయంత్రానికి ఛాతీలో మంట.

చేసే పద్ధతిలో తప్పు ఎక్కువగా చల్లార్చేటప్పుడు జరుగుతుంది. వండిన అన్నాన్ని గిన్నెలోనే మూతపెట్టి నాలుగైదు గంటలు వదిలేసి ఆనక నీళ్లు పోస్తే, ఉడికినా చావని కొన్ని సూక్ష్మజీవుల బీజాలు ఆ గోరువెచ్చని ముద్దలో పెరుగుతాయి. వాంతులు, విరేచనాలు వాటివల్లే. వార్చిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి గంటలోపు పూర్తిగా చల్లార్చాలి. మట్టికుండలో వేసి, అన్నం మీద రెండు వేళ్ల ఎత్తు నిలిచేలా కాచి చల్లార్చిన నీళ్లు పోయాలి. ఉప్పు తినేటప్పుడే. సజ పఖాళకు మూడు నాలుగు గంటలు చాలు. రాత్రి తొమ్మిదింటికి పోస్తే పొద్దున ఏడింటికి బాసి అవుతుంది, మేలో అంతకు మించి ఉంచకూడదు. మెతుకు జిగురుగా సాగితే, వాసన పులుపు దాటి వెగటుగా ఉంటే పారబోయడమే. కరివేపాకు, జీలకర్ర, అల్లం ముక్క దంచి కలిపితే చలవ అన్నం కడుపులో బరువెక్కదు.

దహి పఖాళ సంగతి వేరు. వసంతం, గ్రీష్మం, శరత్తుల్లో పెరుగు వద్దని, రాత్రి అసలే వద్దని, తింటే పెసరకట్టు, తేనె, నెయ్యి, పటికబెల్లం, ఉసిరి వీటిలో ఏదో ఒకటి లేకుండా వద్దని వాగ్భటుడు కచ్చితంగా చెప్పాడు. మధ్యాహ్నం ఒక కప్పు తోడుకున్న తియ్యపెరుగు, పటికబెల్లం పొడితో అయితే సరే. సగం తోడుకున్న పెరుగు ఏ ఋతువులోనూ కూడదు.

విషువ సంక్రాంతికి ఊరంతా తాగే ఛతువ, మన సత్తుపిండి, గ్రంథాల్లో చెప్పిన మంథమే, అంటే పిండి కలిపిన నీళ్లు. రెండు చెంచాల పిండి, పెద్ద గ్లాసు నీళ్లు, కొంచెం పటికబెల్లం. చిక్కగా చేస్తే అరగదు, మలబద్ధకం. సత్తుపిండికి ఉన్న నిషేధాలు కూడా తెలుసుకోవాలి. భోజనం అయ్యాక కూడదు, రాత్రి కూడదు, రోజుకు రెండుసార్లు కూడదు, పొడిగా బుక్కకూడదు. వాన దిగాక దీన్ని పేరు పెట్టి మరీ మానమన్నారు. జూలైలో కూడా ఛతువ తాగుతూ పొట్ట ఉబ్బిందనేవాళ్లకు మందు అక్కర్లేదు, గ్లాసు పక్కన పెడితే చాలు.

అదే రోజు చేసే బేల పణా, అంటే మారేడుపండు పానకం మీద నాదొక అభ్యంతరం. లేత మారేడుకాయ అగ్నిని పెంచుతుంది. పండినది అరగడం మహా కష్టమని, దుర్గంధపు వాయువు పుట్టిస్తుందని గ్రంథమే అంటోంది. పండుగనాడు చిన్న గ్లాసు తాగితే ఏమీ కాదు. "చలవ చేస్తుంది" అని నెలంతా రోజూ తాగేవాళ్లకే కడుపు బిగుస్తుంది.

వానలు: అగ్ని అడుగంటే కాలం

ఏడాదిలో ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇప్పుడే. ఎండకు బలం తగ్గి, తొలివానకు నేలలోంచి ఆవిరి లేచి, నీళ్లు చెడి, అగ్ని మందగిస్తుంది. అప్పటిదాకా పోగైన వాతం పొంగుతుంది. ఈ ఋతువుకు చరకుడు వద్దన్న జాబితా చిన్నది: నీళ్లలో కలిపిన సత్తుపిండి, పగటినిద్ర, మంచు, నదినీళ్లు, అతి శ్రమ, ఎండ, స్త్రీ పురుష సంగమంలో అతి.

నాగావళి, వంశధార ఎర్రబడ్డాక ఆ నీళ్లు వడకట్టి తాగితే సరిపోదు. తెర్లేదాకా కాచి, చల్లారాక అదే రోజు తాగాలి. నిన్న కాచిన నీళ్లు ఇవాళ పనికిరావు. బియ్యం ఏడాది పాతవి కావాలి. లేకపోతే ఉన్న బియ్యాన్నే మూకుడులో దోరగా వేయించి వండితే తేలికపడతాయి. నలుగురికి ఒక గిద్దెడు పెసరపప్పు, అర చెంచా శొంఠిపొడి, చిటికెడు ఇంగువ, సైంధవం వేసి పలచని కట్టు, పైన చెంచా నెయ్యి. గాలీ వానా గట్టిగా ఉన్నరోజున పులుపు, ఉప్పు, నూనె కాస్త పెంచమంటుంది గ్రంథం. వాతానికి అవి విరుగుడు. ఎండాకాలంలో వద్దన్న రుచులే ఇప్పుడు కావాలి. ఏడాది పొడుగునా ఒకే పథ్యం పాటించేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

కొండల మీద ఇదే వెదురు కొమ్ముల కాలం, ఒడియాలో కరడి. వెదురు కొమ్ము వాతాన్ని పెంచుతుందని, ఒంటిని ఎండబెడుతుందని, మంట పుట్టిస్తుందని సుశ్రుతుడి మాట. మానెయ్యమని నేననను, అడవి తిండిలో దానికి చోటుంది. సన్నగా తరిగి, నీళ్లు మార్చి రెండుసార్లు ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. పచ్చి కొమ్ములో సయనైడు పుట్టించే పదార్థం ఉంటుంది, చేదంతా దానిదే. తరవాత నూనె ఎక్కువ వేసి, వెల్లుల్లి, అల్లంతో వండి, కూరగా కొంచెమే తినాలి. ఖాళీ కడుపున కొమ్ముల పులుసు వద్దు. పుట్టగొడుగులు తెలిసినవాళ్లు ఏరితేనే. మామిడి టెంక పిండి తడి తగిలి బూజు పట్టిందంటే జావ కాచొద్దు. రాయగడ జిల్లా కాశీపురం వైపు 2001లో జరిగిన మరణాల్లో టెంక జావ పేరు గట్టిగా వినపడింది, అసలు కారణం ఆకలేనని వాదించినవాళ్లూ ఉన్నారు. రెండు మాటలూ గుర్తుంచుకోదగ్గవే.

నాట్ల పనిలో ఉన్నవాళ్లకు కాలివేళ్ల సందులు నాని పాచిపోతాయి. తడి మీదే నూనె రాస్తే లోపల మగ్గుతుంది. కడిగి, గుడ్డతో ప్రతి సందూ ఒత్తి ఆరబెట్టి, అప్పుడు కానుగనూనె పలచగా రాయాలి. షుగరు ఉన్నవాళ్లు పుండు పడితే ఇంటి వైద్యంతో ఆగకూడదు.

ఈ కాలంలో జ్వరానికి ముందు రక్తపరీక్ష, తరవాతే కషాయం. కోరాపుట్, రాయగడ, గజపతి కొండల్లో మలేరియా మాట మరిచి నేలవేము కషాయంతో మూడు రోజులు గడిపితే ప్రాణానికే ముప్పు.

శరత్తు, చలి, వసంతం

మబ్బు తొలగి ఎండ చురుక్కుమన్న రోజు నుంచి పిత్తం పొంగుతుంది. తినాల్సింది చేదు, తీపి, వగరు: పొట్లకాయ, కాకర, పెసలు, ఉసిరి, పాతబియ్యం, ఆవునెయ్యి. మానాల్సింది పెరుగు, నూనె ఎక్కువైన వంట, పొట్ట పగిలేలా తినడం, మంచులో తిరగడం, పగటినిద్ర. దసరా వేటమాంసం, దీపావళి మిఠాయిలు సరిగ్గా ఇప్పుడే వచ్చిపడతాయి. ఒడియా ఇళ్లలో కార్తీకంలో తినే హబిస చూడండి: పచ్చిబియ్యపన్నం, పెసరపప్పు, చేమదుంప, పచ్చి అరటికాయ, నెయ్యి, అదీ రోజుకు ఒక్కపూటే. శరత్తు పథ్యానికి ఇంత దగ్గరగా వచ్చే వ్రతభోజనం మన వైపు లేదు. విరేచనం చేయించుకోవడానికి గ్రంథం చెప్పిన కాలం ఇదే, కానీ ఇంట్లో ఆముదం తాగి చేసుకునే పని కాదది. అంతకుముందు నెయ్యి తాగించడం, చెమట పట్టించడం, తరవాత జావతో మెట్టుమెట్టుగా మామూలు తిండికి తేవడం ఉంటాయి. బరంపురం దగ్గర అంకుశపురం ఆయుర్వేద కళాశాల లాంటి చోట వైద్యుడి ఎదుటే చేయించుకోవాలి.

చలికాలంలో అగ్ని బలంగా ఉంటుంది, దానికి తగ్గ తిండి పడకపోతే ఒంట్లోని రక్తమాంసాల్లాంటి ధాతువులనే తింటుంది. మినుములు, నువ్వులు, బెల్లం, కొత్తబియ్యపు అరిసెలు, గంట్ల (సజ్జ) రొట్టె నెయ్యితో, చోడి (రాగి) అంబలి వేడివేడిగా ఇప్పుడు చెల్లుతాయి. బరువు తగ్గాలని డిసెంబరులో ఉపవాసాలు మొదలుపెట్టేవాళ్లు తప్పు ఋతువు ఎంచుకున్నట్టే. వాగ్భటుడు నిప్పులతో వెచ్చబెట్టిన గదిలో ఉండమన్నాడు. సునాబెడ, పొట్టంగి చలిలో కుంపటి పెట్టుకుని తలుపులన్నీ బిగించి పడుకుంటే బొగ్గు పొగలోని విషవాయువు నిద్రలోనే చంపుతుంది. పడుకునే ముందు కుంపటి బయటికి, కిటికీ ఒకటి ఓరగా.

వసంతంలో ఎండకు కఫం కరుగుతుంది. జలుబు, బరువు, ఆకలి లేకపోవడం. పగటినిద్ర, పిండివంటలు, మినుములు మాని, పాత చోళ్లు, పెసలు, వేపపువ్వు, లేత వంకాయ వైపు మళ్లాలి. కసరత్తు, పొడిపిండితో నలుగు ఇప్పుడే బాగా పనిచేస్తాయి. తేనె కాలం కూడా ఇదే, అయితే వేడినీళ్లలో కాదు. వేడిచేసిన తేనె, వేడి పదార్థంతో కలిపిన తేనె, ఎండకు బడలినవాడు తాగే తేనె మూడూ హాని అని గ్రంథం. పట్టికలోని తేనె, వేడినీళ్లు ఈ మూడు నిషేధాల్లో ఒకదాన్ని రోజూ మీరుతాయి, వేసవిలో రెండింటినీ. తేనె తాగాలంటే చల్లారిన నీళ్లలో ఒక చెంచా.

రోజు సంగతి

బ్రాహ్మీముహూర్తంలో లేవమన్న శ్లోకంలో "స్వస్థుడు", అంటే ఆరోగ్యంగా ఉన్నవాడు, అనే షరతు ఉంది. పిల్లలు, ముసలివాళ్లు, రోగులు అందులో లేరు. రాత్రి తిన్నది అరిగిందా లేదా చూసుకుని లేవమన్నారు. త్రేనుపు శుభ్రంగా ఉండటం, ఒళ్లు తేలికవడం, మలమూత్రాలు సాఫీగా కావడం, ఆకలి దప్పికలు తెలియడం అరిగిన గుర్తులు. ముహూర్తం అంటే 48 నిమిషాలు. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాల ముందు ముగుస్తుంది. బరంపురంలో జూన్‌లో పొద్దు దాదాపు ఐదుంపావుకు పొడుస్తుంది, జనవరిలో ఆరున్నరకు. కాబట్టి జూన్‌లో అది మూడూ నలభై ప్రాంతం, జనవరిలో ఐదుకు కాస్త ముందు. ఏడాదంతా "నాలుగింటికి" అనే లెక్క ఏ ఊరిదీ కాదు. కఫ, పిత్త, వాత సమయాల గడియారం కూడా అంతే. పగటిని మూడు భాగాలు, రాత్రిని మూడు భాగాలు చేసి మొదలు, నడుమ, చివర అన్నారే గానీ ఆరు, పది, రెండు అని గంటలు కొట్టలేదు. రాత్రి పదింటికి బిరియాని తిని మూడున్నరకు లేచేవాడికన్నా ఎనిమిదింటికి తిని ఆరింటికి లేచేవాడే గ్రంథానికి దగ్గర.

లేవగానే నీళ్లు తాగడం చరకుడి దినచర్యలోనూ, వాగ్భటుడి దినచర్యలోనూ లేదు. 16వ శతాబ్దపు వైద్యగ్రంథం భావప్రకాశంలో ఉంది. దాహమైతే గ్లాసు గోరువెచ్చని నీళ్లు చాలు. వానాకాలంలో లీటరు నీళ్లు బలవంతాన పట్టిస్తే ఉన్న కాస్త అగ్నీ చల్లారుతుంది.

పళ్లపుల్ల చిటికెనవేలి లావు, 12 అంగుళాల పొడవు. ఆ అంగుళం స్కేలు మీదిది కాదు, వేలి వెడల్పు. రుచి వగరో, కారమో, చేదో ఉండాలి. వేప, కానుగ, చండ్ర, మద్ది పనికొస్తాయి. చివర నమిలి కుంచెలా చేసి ఒక్కో పన్నూ, చిగురు నొక్కకుండా. అజీర్ణం, వాంతి, దగ్గు, ఆయాసం, జ్వరం, నోటిపూత ఉన్నరోజు పుల్ల వద్దు, పుక్కిలిస్తే చాలు. ఈ జిల్లాల్లో అసలు శత్రువు గుడాకు. పొగాకు, మడ్డిబెల్లం కలిపిన ఆ ముద్దతో పళ్లు తోముకుంటే గానీ విరేచనం కాదనేవాళ్లు ఇంటికొకరు. అది పేగును కదిలిస్తున్న నికోటిను, పంటిని కాపాడేది కాదు. చుట్ట నిప్పు నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలు "శాస్త్రంలో ధూమపానం ఉంది" అంటే నవ్వి ఊరుకోకూడదు. శాస్త్రంలోది మూలికల వత్తి పొగ. పొగాకు ఈ దేశానికి వచ్చిందే పోర్చుగీసువాళ్లతో. నిప్పు నోట్లో పెట్టుకున్నవాళ్ల అంగిలి మీద తెల్లమచ్చ గానీ మానని పుండు గానీ కనపడితే అదే వారం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

అభ్యంగం, అంటే ఒంటికి నూనె పట్టించడం, రోజూ కుదరకపోతే తల, చెవులు, అరికాళ్లకు అయినా చేయమన్నారు. ఒంటికంతా అయితే పెద్దవాళ్లకు 40 నుంచి 60 మిల్లీలీటర్లు, పావుగంట మర్దన, ఇరవై నిమిషాలు ఆగి స్నానం. నువ్వులనూనె అన్నిటికీ మొదటిది. ఒడియా ఇళ్ల అలవాటుతో ఆవనూనె రాస్తే చలిలో హాయి. అదే అక్టోబరు ఎండలో రాస్తే దద్దుర్లు, అది వేడి నూనె. తీరంలో వేసవికి కొబ్బరినూనె నప్పుతుంది. అజీర్ణం, జలుబు, కఫం ఉన్నప్పుడు నూనె వద్దు. జలుబుతో తల అంటుకుని ఎక్కువ చేసుకునేవాళ్లే ఎక్కువ. వేడినీళ్లు మెడ కిందకే, తలమీద వేడినీళ్లు జుట్టుకూ కళ్లకూ చెరుపు.

కసరత్తు సగం బలానికే. నుదుట, ముక్కు మీద, చంకల్లో చెమట పట్టి నోరు ఎండితే ఆగిపోవాలి. చలిలో, వసంతంలో ఈ సగం, మిగతా కాలాల్లో అంతకంటే తక్కువ. పొలంలో రోజంతా వంగి పనిచేసేవాళ్లకు వేరే కసరత్తు అక్కర్లేదు.

భోజనంలో పొట్టను నాలుగు భాగాలనుకుంటే రెండు గట్టి తిండికి, ఒకటి ద్రవానికి, ఒకటి ఖాళీ. నీళ్లు నడిమధ్యన గుక్కలుగా. రాయగడ కాగితపు మిల్లు, దమన్‌జోడి అల్యూమినా కర్మాగారం, రైల్వేలో రాత్రి డ్యూటీ చేసేవాళ్లకు ఒక సూత్రం ఉంది. మేలుకున్న సమయంలో సగం, తెల్లవారాక, ఏమీ తినకుండా నిద్రపోవాలి. డ్యూటీ దిగి పెసరట్టో పూరీలో తిని పడుకోవడం వల్లే వాళ్లకు పొట్ట, షుగరు. ఎనిమిది గంటలు మేలుకుంటే నాలుగు గంటల నిద్ర, లేచి స్నానం, అప్పుడు భోజనం.

కరక్కాయ ఈ అడవుల సొమ్ము. ఋతువును బట్టి వానల్లో సైంధవంతో, శరత్తులో పంచదారతో, హేమంతంలో శొంఠితో, శిశిరంలో పిప్పలితో, వసంతంలో తేనెతో, గ్రీష్మంలో బెల్లంతో అన్నారు. మోతాదు 3 గ్రాములు. గర్భిణులు, బాగా చిక్కిపోయినవాళ్లు, ఉపవాసం ఉన్నవాళ్లు ముట్టకూడదు. సికిల్ సెల్ జబ్బు ఈ జిల్లాల్లో చాలా ఇళ్లలో ఉంది. ఆ మనిషి ఉపవాసం ఉండకూడదు, నీళ్లు తగ్గించకూడదు, చలిలో చన్నీళ్ల స్నానం చేయకూడదు, గ్రంథం ఏ ఋతువుకు ఏం చెప్పినా సరే. బీపీ, షుగరు మాత్రలు కూడా దినచర్య మొదలెట్టామని ఆపేవి కావు.

మారేటప్పుడు

జారిపోయే ఋతువు చివరి 7 రోజులు, వచ్చే ఋతువు మొదటి 7 రోజులు కలిపి ఋతుసంధి. జబ్బులు ఎక్కువ పుట్టేది ఈ పద్నాలుగు రోజుల్లో, అదీ ఒక్కసారిగా మార్చినవాళ్లకు. చరకుడు చెప్పిన పద్ధతి పావు పావుగా మార్చడం, నడుమ ఒకటి, రెండు, మూడు రోజుల ఎడం ఇస్తూ. లెక్క వేయడంలో వ్యాఖ్యాతలకు తేడాలున్నా, ఇంట్లో చేసుకోదగ్గ తీరు ఇది. జూన్‌లో తొలివాన పడి, గాలి తూర్పుకో పడమటికో మారి, రాత్రి దుప్పటి కావాలనిపించిన రోజు నుంచి మొదలు. మొదట చన్నీళ్లలో పావు వంతు మాని కాచిన నీళ్లు, పఖాళ నాలుగు పూటలకు మూడు పూటలే. ఒక రోజు ఎడంతో సగానికి సగం, ఛతువ పూర్తిగా బంద్, పగటినిద్ర గంట నుంచి అరగంటకు. రెండు రోజుల ఎడంతో ముప్పాతిక, వేడి అన్నం, పెసరకట్టు, శొంఠి. మూడు రోజుల ఎడంతో పూర్తిగా వానాకాలం తిండి. గుడాకు మానడానికీ ఇదే లెక్క పెట్టుకోవచ్చు: రోజుకు నాలుగుసార్లయితే మూడు, రెండు, ఒకటి, ప్రతి మెట్టుకూ ఎడం పెంచుతూ. నడుమలో వాన వెనక్కి పోయి మళ్లీ ఎండ ముదిరితే, ఈ మధ్య ఏళ్లలో అది మామూలైపోయింది, తొందరపడి మొదటికి రావద్దు. ఉన్న మెట్టు మీదే ఆగి, కాచిన నీళ్లు మాత్రం వదలకుండా, రెండో వాన కోసం చూడాలి.